అప్‌డేట్: స్వీడన్ ఇండీ బ్యాండ్లు వినడం ఎక్కడ మొదలుపెట్టాలి?

‘అబ్బా’, ‘రాక్సెట్’ లాంటి పేరున్న పాప్ బృందాలను దాటి స్వీడన్ స్వతంత్ర (ఇండీ) బ్యాండ్లను ఎలా వెతుక్కోవాలని నేను అడిగినప్పుడు, విడి పాటల వెంట పడకుండా ఒక లేబుల్‌ను (ఆల్బమ్‌లు విడుదల చేసే సంస్థను) పట్టుకొని వెళ్లమని ఒకరు చెప్పిన సలహా బాగా పనికొచ్చింది. స్టాక్‌హోమ్‌కు చెందిన లాబ్రడార్ లేబుల్ ద్వారా లుండ్ నగరపు బృందం ‘ది రేడియో డిపార్ట్‌మెంట్’ పరిచయమైంది. 2003లో వచ్చిన వారి ‘లెసర్ మ్యాటర్స్’ ఆల్బమ్‌లో గిటార్ల హోరు ముందుకు తోసుకువస్తుంటే, గొంతు మాత్రం పక్క గదిలోంచి వస్తున్నట్లు వినిపిస్తుంది. ఫోన్ స్పీకర్‌లో వింటే అందులో సగం పోతుంది. ‘పీటర్ బియోర్న్ అండ్ జాన్’ బృందం 2006లో విడుదల చేసిన ‘యంగ్ ఫోక్స్’ పాటలోని ఈల, తరువాత వేరే వాయిద్యంతో నింపుదామని తాత్కాలికంగా వేసినదట. అది లేకుండా ఆ పాటను ఊహించుకోవడం ఇప్పుడు నాకు సాధ్యం కావడం లేదు. ‘డుంగెన్’ బృందం పూర్తిగా స్వీడిష్‌లో పాడుతుంది, అయినా 2004 నాటి వారి ఆల్బమ్‌లో గిటార్, ఫ్లూట్ వింటుంటే భాష అడ్డు రాలేదు.

చిన్న దేశంలో ఇన్ని బ్యాండ్లు ఎలా పుడుతున్నాయన్న నా రెండో ప్రశ్నకూ కొంత సమాధానం దొరికింది: అక్కడ పురపాలక సంగీత పాఠశాలలు పిల్లలకు వాయిద్యాలు నేర్పుతాయి, ప్రభుత్వ నిధులు పొందే వయోజన విద్యా సంఘాలు యువ బృందాలకు సాధన గదులు సమకూరుస్తాయి. ఇక గోథెన్‌బర్గ్ గాయకుడు యెన్స్ లెక్మన్‌ను ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరు.