అప్‌డేట్: ఇంట్లో కడుతున్న తెరచాప పడవ హల్ (పడవ బాడీ) పూర్తయింది

పది అడుగుల పడవకి 4 ఎంఎం మెరైన్ ప్లై (నీటికి తట్టుకునే ప్లైవుడ్) సరిపోతుందా, 6 ఎంఎం వెయ్యాలా అని వానలకి ముందు అడిగాను. 4 ఎంఎమ్మే వేశాను. పలకల అంచుల్ని రాగి తీగతో కుట్టి, లోపలి మూలల్లో జల్లించిన రంపపు పొట్టు కలిపిన ఎపాక్సీ (గట్టిపడే రెసిన్ జిగురు) పట్టించి, పైన గ్లాస్ టేప్ (గాజు నారతో నేసిన పట్టీ) వేశాను. 1962 నాటి మిర్రర్ అనే చిన్న తెరచాప పడవదీ ఇలా కుట్టి అతికించే పద్ధతే.

దెబ్బతిన్నది ఒక్కచోటే. కాకినాడ ఉక్కకి గట్టిపడ్డ ఎపాక్సీ మీద మైనంలాంటి జిడ్డు తేలింది. కడక్కుండా రెండో పూత వేస్తే గోరుతో గీకితేనే పొరలుగా లేచొచ్చింది. అదంతా గీకేసి, నీళ్లతో రుద్ది కడిగి, ఆరాకే ఉప్పుకాగితం పట్టాను. ఈసారి గట్టిగా పట్టింది.

తూకం 36 కిలోలు! నేనూ తమ్ముడూ చెరో కొస పట్టుకుని మేడ మెట్లు దింపేశాం. ఇక చుక్కాని పని.