ఎలిజబెత్ ఫార్మ్‌కి పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

సిడ్నీలో ఉన్న మనవాళ్లకి ఒక ప్రశ్న. అమ్మానాన్న అనంతపురం నుంచి వచ్చారు. ఆపెరా హౌస్, బీచ్‌లు అయిపోయాయి కానీ నాన్నకి అవేవీ పెద్దగా ఎక్కలేదు. ఆయన గొర్రెల మందల మధ్య పెరిగిన మనిషి, అందుకే పారమటా పక్కన రోజ్‌హిల్‌లో ఉన్న ఎలిజబెత్ ఫార్మ్ చూపిద్దామనుకుంటున్నా. 1793లో మొదలైన ఇల్లు, మెకార్థర్ దంపతులది, ఇప్పుడు మ్యూజియం. ఆస్ట్రేలియాలో మెరీనో జాతి గొర్రెల ఉన్నికి పేరంతా జాన్ మెకార్థర్‌కే వచ్చింది గానీ ఆయన 1809 నుంచి 1817 దాకా దేశంలోనే లేడు, మందలన్నీ చూసుకున్నది ఆయన భార్య ఎలిజబెత్ గారే (ఈ మాట చెప్పగానే అమ్మ రెడీ!). ఇప్పుడక్కడ గొర్రెలుండవని నాన్నకి ముందే చెప్పేశా.

గదులకి తాళ్లు కట్టి ఆపరట, కుర్చీల్లో కూర్చోవచ్చట, నిజమేనా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, హారిస్ పార్క్ స్టేషన్ నుంచి నడిపించొచ్చా, కారులో వెళ్తే పార్కింగ్ దొరుకుతుందా? దగ్గర్లోనే ఉన్న ఇంకో పాత ఇల్లు, ఎక్స్‌పెరిమెంట్ ఫార్మ్ కాటేజీ కూడా అదే రోజు పెట్టుకుంటే పెద్దవాళ్లకి ఎక్కువైపోతుందా? ఇంకోటి, ఆ నేల అసలు అక్కడి ఆదివాసులైన బరమటగల్ ప్రజలది కదా, గైడ్లు వాళ్ల గురించి సరిగ్గా చెప్తారా లేక మెకార్థర్ల గొప్పలేనా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.