తేదీల తేడాతో జరిమానా లెక్కించే అప్‌డేట్ క్వెరీలో తప్పు విలువలు

ప్రశ్న:
మా కళాశాల గ్రంథాలయం వివరాలు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉన్నాయి. పదిహేను రోజుల గడువు దాటితే రోజుకు రూపాయి జరిమానా. అప్‌డేట్ క్వెరీలో, పుస్తకం తిరిగి ఇచ్చిన తేదీలోంచి తీసుకున్న తేదీని మైనస్ గుర్తుతో తీసివేసి, అందులోంచి 15 తగ్గిస్తున్నాను. 2024 ఫిబ్రవరి 2న తీసుకుని 22న ఇచ్చిన పుస్తకానికి సరిగ్గా 5 రూపాయలు పడింది. ఫిబ్రవరి 20న తీసుకుని మార్చి 10న ఇచ్చిన పుస్తకానికి మాత్రం 75 పడింది. కొన్ని వరుసల్లో నల్ (విలువ లేదని తెలిపే గుర్తు) వస్తోంది. ఎర్రర్ ఏదీ లేదు. కారణం ఏమై ఉంటుంది?

సమాధానం 1:
మైఎస్‌క్యూఎల్‌లో రెండు తేదీల మధ్య మైనస్ పెడితే అవి తేదీలుగా కాక అంకెలుగా మారిపోతాయి. 20240310 లోంచి 20240220 తీసివేస్తే 90, అందులోంచి 15 పోతే మీకు వచ్చిన 75. నిజానికి గడిచినవి 19 రోజులు (ఆ ఏడాది ఫిబ్రవరికి 29 రోజులు), కాబట్టి పడవలసింది 4 రూపాయలే. రెండు తేదీలూ ఒకే నెలలో ఉన్నంతకాలం లెక్క సరిపోతుంది కనుకనే ఈ లోపం త్వరగా బయటపడదు. రెండు తేదీల మధ్య రోజులను లెక్కించే డేట్‌డిఫ్ ఫంక్షన్ వాడండి. తర్వాతి తేదీని ముందు, మునుపటి తేదీని వెనుక ఇవ్వాలి. మరో డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇదే పేరుగల ఫంక్షన్‌కు మొదట కొలమానం (రోజు, నెల వంటిది), ఆపైన మునుపటి తేదీ, చివర తర్వాతి తేదీ ఇవ్వాలి కాబట్టి అక్కడి ఉదాహరణలను యథాతథంగా దించుకోవద్దు.

సమాధానం 2:
నల్ వస్తున్న వరుసలు బహుశా ఇంకా తిరిగి రాని పుస్తకాలవి. తిరిగి ఇచ్చిన తేదీ నల్ అయితే డేట్‌డిఫ్ కూడా నల్ ఇస్తుంది. ఏ వరుసలను మార్చాలో చెప్పే వేర్ షరతులో ఆ తేడానే పరీక్షిస్తే, అందరికన్నా ఎక్కువ ఆలస్యం చేసినవారే లెక్కలోంచి తప్పుకుంటారు. కోఅలెస్ ఫంక్షన్‌తో నల్ స్థానంలో నేటి తేదీని పెట్టండి. గడువులోపే ఇచ్చినవారికి రుణాత్మక జరిమానా పడకుండా ఇచ్చిన విలువల్లో పెద్దదాన్ని ఎంచే గ్రేటెస్ట్ ఫంక్షన్‌తో సున్నా దగ్గర ఆపండి.

సమాధానం 3:
అప్‌డేట్ నడిపే ముందు అదే వేర్ షరతుతో సెలెక్ట్ (విలువలను మార్చకుండా చూపించే క్వెరీ) నడిపి, పాత జరిమానానూ కొత్త జరిమానానూ పక్కపక్కన చూసుకోవడం తప్పనిసరి. నెల మారిన వరుసలను ప్రత్యేకంగా పరిశీలించండి. టేబుల్ ఇన్నోడీబీలో (మైఎస్‌క్యూఎల్ టేబుళ్లను భద్రపరిచే ఒక పద్ధతి) ఉంటే స్టార్ట్ ట్రాన్సాక్షన్ ఇచ్చి అప్‌డేట్ చేసి, విలువలు నచ్చకపోతే రోల్‌బ్యాక్‌తో మార్పులను వెనక్కి తీసుకోవచ్చు. మరో పద్ధతి అయిన మైఐసామ్‌లో ఆ అవకాశం లేదు కాబట్టి ముందుగా టేబుల్‌కు నకలు తీసి ఉంచండి.