హాఫ్ మారథాన్‌లో వాచీ 21.46 చూపిస్తే తప్పు ఎవరిది? కోర్సుదా (రేసు దారిదా), వాచీదా?

కూకట్‌పల్లి రన్నర్:
మొన్న ఆదివారం హాఫ్‌లో ఫినిష్ దగ్గర నా వాచీ 21.46 చూపించింది. మా గ్రూపులో మిగతావాళ్లకూ 21.3కి తక్కువ రాలేదు. హాఫ్ అంటే 21.0975 కిలోమీటర్లే కదా. డబ్బు కట్టి పరిగెత్తాం, నిర్వాహకులను నిలదీయాలంటున్నారు అందరూ. మీరేమంటారు?

బీచ్‌రోడ్ వైజాగ్:
తొందరపడకండి అన్నా. పది వాచీలు ఎక్కువ చూపించినంత మాత్రాన కోర్సు పొడవైపోదు. వాచీ ఉపగ్రహాల సంకేతాలతో (జీపీఎస్) దాదాపు సెకనుకోసారి మీరెక్కడున్నారో గుర్తిస్తుంది, ఆ చుక్కలను కలిపి పొడవు లెక్కేస్తుంది. ఒక్కో చుక్క కొన్ని మీటర్లు అటో ఇటో పడుతుంది. మీరు తిన్నగా వెళ్లినా గీత వంకరటింకరగా వస్తుంది, పొడవు పెరుగుతుంది. ఎత్తైన అపార్ట్‌మెంట్ల మధ్య, మెట్రో వంతెన కింద ఇది ఇంకా ఎక్కువ. మా బీచ్‌రోడ్డు మీద ఆకాశం అడ్డు లేకుండా కనిపిస్తుంది కాబట్టి తేడా తక్కువే వస్తుంది.

పైగా కోర్సును అతి దగ్గరి దారిలో, మలుపుల్లో రోడ్డు అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో కొలుస్తారు. నీళ్ల టేబుల్ కోసం అడ్డంగా వెళ్లినా, గుంపును దాటడానికి పక్కకు జరిగినా ఆ అదనపు దూరం మీ ఖాతాలోదే.

వరంగల్ నుంచి:
కొలిచారు, కొలిచారు అంటున్నారు. ఎవరు చూశారండీ? చిన్న రేసుల్లో స్కూటర్ మీద ఒక రౌండు కొట్టి, ఫోన్‌లో వచ్చిన అంకెనే బోర్డు మీద రాసేస్తున్నారు. పెద్ద రేసులూ తప్పాయి. మాంచెస్టర్ మారథాన్ 2013 నుంచి 2015 వరకు మూడేళ్లూ 380 మీటర్లు తక్కువని తర్వాత తేలింది. 2021లో బ్రైటన్ మారథాన్ 568 మీటర్లు ఎక్కువైంది. నిలదీయడంలో తప్పేముంది?

బీచ్‌రోడ్ వైజాగ్:
అడగడం తప్పని నేననలేదు. వాచీని సాక్ష్యంగా పెట్టి అడగొద్దంటున్నా. మాంచెస్టర్ సంగతి తేలింది కూడా కోర్సును మళ్లీ పద్ధతిగా కొలిచాకే.

ఆ పద్ధతి చూస్తే నమ్మకం కుదురుతుంది. సైకిల్ ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న లెక్కింపు పరికరం బిగిస్తారు. స్టీల్ టేపుతో కొలిచిన తిన్నని రోడ్డు మీద ముందు నాలుగుసార్లు తొక్కి, కిలోమీటరుకు ఎన్ని అంకెలు తిరుగుతాయో చూస్తారు. కోర్సంతా తొక్కాక మళ్లీ నాలుగుసార్లు. ఎండెక్కితే టైరులో గాలి వ్యాకోచించి చక్రం చుట్టుకొలత మారుతుంది, అందుకే రెండోసారి. కోర్సు తగ్గకుండా కిలోమీటరుకు ఒక మీటరు కలుపుతారు. అంటే హాఫ్‌లో 21 మీటర్లు. మీకు ఎక్కువ వచ్చింది 360.

సాయంత్రం నడక, నల్గొండ:
నాదో మాట. నడిచేవాళ్లకు ఇంత లెక్క అవసరమా? అమ్మ మోకాలి ఆపరేషన్ తర్వాత రోజూ అదే వీధిలో, అదే ఫోన్‌తో నడుస్తోంది. అంకె కాస్త తప్పైనా రోజూ అలాగే తప్పుతుంది కాబట్టి నిన్నటికన్నా పెరిగిందో లేదో తెలుస్తుంది. మాకు కావాల్సింది అదే.

బీచ్‌రోడ్ వైజాగ్:
నిజమండీ, నడకకు అది చాలు. రేసులోనే చిక్కు. వాచీ చూసుకుంటూ కిలోమీటరుకు 6 నిమిషాలని పరిగెత్తేవారు 2 గంటల 6 నిమిషాల 35 సెకన్లకు చేరతామనుకుంటారు. వాచీలో 21.46 వస్తే ఫినిష్‌కు 2:08:46 అవుతుంది. అందుకే కిలోమీటరు బోర్డుల దగ్గర మీరే వాచీలో ల్యాప్ బటన్ (ఒక్కో కిలోమీటరు సమయాన్ని విడిగా నమోదు చేసేది) నొక్కుకోండి.

వరంగల్ నుంచి:
బోర్డులే సరైన చోట పెట్టకపోతే?

కూకట్‌పల్లి రన్నర్:
అదే అడుగుతున్నాం. నిర్వాహకులకు పంపే లేఖలో 'ఎందుకు ఎక్కువైంది' అన్న లైను తీసేసి, కోర్సు ఎవరు కొలిచారు, ఏ పద్ధతిలో, సర్టిఫికెట్ ఉందా, బోర్డుల చోట్లు ఎలా నిర్ణయించారు అని రాశాం. ఈలోగా స్టేడియం ట్రాక్ మీద మొదటి లేన్‌లో 25 రౌండ్లు కొట్టి వాచీని పరీక్షిస్తా.

బీచ్‌రోడ్ వైజాగ్:
మొదటి లేన్ వదలకండి అన్నా. నాలుగో లేన్‌లోకి వెళ్తే రౌండుకు 22 మీటర్లు అదనం, 25 రౌండ్లకు అర కిలోమీటరు దాటుతుంది.