‘ఆన్ అవ్వట్లేదు’ అంటే ఏది అవ్వట్లేదు?

కొత్తగా బిగించుకున్న కంప్యూటర్ బూట్ అవ్వకపోతే, అంటే లేచి విండోస్ దాకా రాకపోతే, ఆ సంగతి తెలుగులో ఎలా చెప్పాలని ఈ గ్రూపులో ఒకరు అడిగారు, కింద ‘మొరాయిస్తోంది’ అనాలని కొందరు, ‘ప్రారంభం కావడం లేదు’ అనాలని కొందరు రాశారు. నా అభిప్రాయం వేరు, కాస్త పొడుగు కూడా, ఓపిక చేసుకుని చదవండి.

మొరాయించడం మంచి మాటే. నడవనని మొండికేసిన ఎద్దుకు వాడే క్రియను పత్రికలవాళ్లు యంత్రాలకు తెచ్చారు, ఎన్నికలొస్తే ‘ఫలానా చోట ఈవీఎంలు మొరాయించాయి’ అన్న వార్త మామూలే. వార్తకు అది చాలు, ఎందుకంటే చదివేవాళ్లు దాన్ని బాగుచేయబోవడం లేదు. బాగుచేసే మనిషికి ఫోన్లో చెప్పేటప్పుడు మాత్రం అది సరిపోదు. యంత్రం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో అందులో లేదు. ‘బూట్ అవ్వట్లేదు’లోనూ లేదు.

మా పిన్ని కొడుకు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి పార్టులన్నీ తెచ్చుకుని ఇంట్లో తనే బిగించుకున్నాడు. రాత్రి ఫోన్ చేశాడు.

‘అన్నా, సిస్టమ్ ఆన్ అవ్వట్లేదు.’
‘ఫ్యాన్లు తిరుగుతున్నాయా?’
‘ఆ, తిరుగుతున్నాయి.’
‘మరి ఆన్ అయినట్టే కదరా. తెర మీద ఏమొస్తోంది?’
‘నో సిగ్నల్ అని వస్తోంది.’
‘మదర్‌బోర్డు మీద ఎక్కడైనా చిన్న ఎర్ర లైటు వెలుగుతోందా, పక్కన ఏం రాసుందో చూడు.’
‘సీపీయూ అని ఉంది.’

అప్పుడు దొరికింది అసలు సంగతి. సీపీయూ అంటే ప్రాసెసరే. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే 8 పిన్నుల వైరు పెట్టలేదు. అది బోర్డు పైమూల, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ వెనకాల ఉంటుంది, కూలర్ ఒకసారి ఎక్కిందంటే అక్కడికి వేలు దూరదు. పెద్దది 24 పిన్నుల వైరు పెట్టగానే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. పైగా తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డుదీ 8 పిన్నుల వైరే, చూడ్డానికి ఒకేలా ఉంటుంది, కానీ ప్రాసెసర్‌ది నాలుగూ నాలుగుగా విడుతుంది, కార్డుది ఆరూ రెండుగా విడుతుంది. వాడు ఆ మొదటి మాట దగ్గరే ఉండిపోయి ఉంటే నేను స్విచ్చీ ప్లగ్గూ చూడమంటూ ఇంకో అరగంట తిప్పేవాణ్ని.

అందుకే బూట్‌కు సరైన నామవాచకం ఏదని వెతకడం కంటే మన దగ్గర ఉన్న క్రియల్ని సరిగ్గా వాడుకోవడం మేలంటాను. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు, ఇది ఒక స్థితి. ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోయింది, ఇది రెండోది. తిరుగుతోంది గానీ బొమ్మ రావట్లేదు, లేస్తోంది పడుతోంది మళ్లీ తనే లేస్తోంది, లోగో దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఇవన్నీ వేర్వేరు జబ్బులు, వెతకాల్సిన చోట్లూ వేరు, వీటిలో ఒక్కదానికీ కొత్త మాట పుట్టించక్కర్లేదు.

ఉలుకూ పలుకూ లేదంటే ముందు పవర్ సప్లై, అంటే పార్టులన్నిటికీ కరెంటు పంచే డబ్బా, దాని వెనక ఉన్న చిన్న స్విచ్ చూడాలి, తర్వాత కేసు ముందు బటన్ నుంచి వచ్చే సన్న వైరు బోర్డు మీద సరైన రెండు పిన్నులకు పడిందో లేదో చూడాలి. ఆ వైరు అటు తిప్పి పెట్టినా ఇటు తిప్పి పెట్టినా బటన్ పనిచేస్తుంది, తిరగేస్తే వెలగనిది లైటు వైరు మాత్రమే. అనుమానముంటే వైరు తీసేసి ఆ రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో క్షణం పాటు కలపండి, లేచిందంటే తప్పు బటన్‌దో దాని వైరుదో. ఇక్కడ ఇంకో మాట. ఇంటికి వచ్చేదాన్ని ‘కరెంటు’ అంటాం, పెట్టెలోకి వెళ్లేదాన్ని ‘పవర్’ అంటాం. ‘కరెంటుంది గానీ పవర్ రావట్లేదు’ అని ఒకరు చెప్తే రెండూ ఒకటే కదా అని నవ్వకండి, ఎంతో స్పష్టంగా చెప్పారన్నమాట.

కదిలి ఆగిపోవడం చాలాసార్లు షార్ట్ సర్క్యూట్. బోర్డు కింద బిగించే ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తిపట్టే పొట్టి మేకు లాంటిది) ఒకటి రంధ్రం లేని చోట ఉండిపోతే అది వెనక టంకాలకు తగులుతుంది, సప్లై తనను తాను కాపాడుకోవడానికి వెంటనే ఆపేస్తుంది. బోర్డును కేసులోంచి తీసి అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ (మెమరీ) ముక్కతో లేపి చూస్తే తేలిపోతుంది.

తిరుగుతోంది గానీ బొమ్మ లేదన్నప్పుడు ర్యామ్ ‘కూర్చుందా’ అని అడుగుతాం. మూత కూర్చోలేదు, తలుపు కూర్చోలేదు అన్నట్టే ఇదీ, ఎంత బాగుందో చూడండి, ఇది ఎవరూ కమిటీ వేసి తయారుచేసింది కాదు. టక్ మని చప్పుడు వచ్చేదాకా నొక్కాలి. నాలుగు స్లాట్లుండి రెండు ముక్కలే ఉంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ. తర్వాత మానిటర్ వైరు గ్రాఫిక్స్ కార్డుకు ఉందా, బోర్డుకు ఉందా అని చూడాలి. ఇంటెల్‌లో 12400ఎఫ్ లాగా చివర ఎఫ్ ఉన్నవాటిలోనూ, ఏఎండీవాళ్ల రైజెన్ 5600 లాంటివాటిలోనూ లోపల గ్రాఫిక్స్ ఉండదు, వైరు బోర్డుకు పెడితే తెల్లార్లూ కూర్చున్నా బొమ్మ రాదు.

‘అవ్వలేదు’, ‘అవ్వట్లేదు’, ‘ఇంకా అవ్వలేదు’ మధ్య తేడా గురించి ఒకరు అడిగారు, అది వ్యాకరణం ప్రశ్నే అయినా ఇక్కడ దాని మీదే అంతా ఆధారపడుతుంది. ‘ఒక్కసారి కూడా అవ్వలేదు’ అంటే బిగింపులోనే ఏదో ఉంది, లేదా పాత బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టట్లేదు, పాత బయోస్ (బోర్డులోనే ఉండి దాన్ని లేపే ప్రోగ్రామ్) ఉన్న బీ450 బోర్డు మీద రైజెన్ 5000 వరుస పెడితే ఆ బయోస్ అప్‌డేట్ చేస్తే తప్ప లేవదు. ‘నిన్న అయింది, ఇవాళ అవ్వట్లేదు’ అంటే మధ్యలో ఏం మార్చావని అడగాలి, ర్యామ్ వేగం పెంచి ఉంటే బయోస్ సెట్టింగ్స్ చెరిపేయాలి. మూడోది ‘ఇంకా’. డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ వాడే బోర్డులు మొదటిసారి లేచేటప్పుడు ర్యామ్‌ను పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు నల్ల తెరతో ఉండిపోతాయి, రైజెన్ 7000 వరుసలో ఇది మరీ ఎక్కువ. టెన్షన్ పడి మధ్యలో బటన్ నొక్కి ఆపేస్తే ఆ పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. అక్కడ ‘లేవట్లేదు’ కాదు, ‘ఇంకా లేవలేదు’. ఆగడమే చేయాల్సిన పని.

ఇక బూట్. ఆ మాట ఉంచుకుందాం, కానీ దాని చోట దాన్ని ఉంచుదాం. లోగో వచ్చి, బయోస్ తెరుచుకుని, ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ కూడా కనిపించి, ‘బూట్ డివైస్ లేదు’ అని చెప్తుంటే అది నిజంగా బూట్ అవ్వకపోవడం. కొత్త పెట్టెలో అదసలు జబ్బే కాదు, విండోస్ ఇంకా వేయలేదంతే, పెన్‌డ్రైవ్ పెట్టి ఎక్కించుకుంటే సరి. దీన్ని ‘ప్రారంభీకరణ వైఫల్యం’ అని రాస్తే పాపం ఆ కుర్రాడు పార్టులన్నీ మళ్లీ విప్పుతాడు.

చివరగా, పెట్టె లేచేటప్పుడు కొట్టే బీప్‌ల సంగతి అడిగినవారికి. 1981 నాటి ఐబీఎం పీసీ అంతా బాగుంటే ఒక పొట్టి బీప్ కొట్టేది, ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది, కాకపోతే ఇప్పటి బోర్డులకు బుల్లి స్పీకర్ తరచూ విడిగా కొనుక్కోవాలి. ‘ఏదో కూస్తోంది’ అని కాకుండా పొడుగూ పొట్టీ వరుస చెప్పండి. ఛందస్సు వచ్చినవాళ్లకు ఇది మరీ సులువు, పొడుగుది గురువు, పొట్టిది లఘువు, ‘భగణం కొడుతోంది’ అంటే ఒక పొడుగు రెండు పొట్టి అని ఈ గ్రూపులో సగం మందికి అర్థమవుతుంది. అవార్డ్ అనే కంపెనీ పాత బయోస్‌లో భగణం అంటే గ్రాఫిక్స్ తేడా, ఆసుస్ బోర్డుల్లో ర్యామ్ కనబడలేదని అర్థం. కాబట్టి గణంతో పాటు బోర్డు పేరు కూడా రాయండి, రెండూ ఉంటే ఇక్కడ ఎవరో ఒకరం చెప్పగలం.