సీతమ్మధార ఇల్లు అమ్మేసి మెల్‌బోర్న్ వెళ్ళిపోవడమా? రిటైరయ్యాక విదేశంలో స్థిరపడినవాళ్ళు చెప్పండి

సీతమ్మధార_61:

అందరికీ నమస్కారం. స్టీల్ ప్లాంటులో 33 ఏళ్ళు పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. నాకు 61, మా ఆవిడకి 57. వైజాగ్ సీతమ్మధారలో 2003లో కట్టుకున్న ఇల్లుంది, కింద మేముంటాం, పై వాటా అద్దెకిచ్చాం. అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు, అక్కడి పౌరసత్వం కూడా వచ్చింది, వాడికి ఇద్దరు చిన్నపిల్లలు. అమ్మాయి హైదరాబాదులో.

ఆరు నెలలుగా అబ్బాయిది ఒకటే మాట. ఇల్లు అమ్మేసి వచ్చేయండి నాన్నా, అర్ధరాత్రి మీకేమన్నా అయితే నేను చేరేసరికి రోజున్నర పడుతుంది అంటాడు. వాడి భయం నాకర్థమవుతుంది. మా ఆవిడ మనసు మనవల మీదే ఉంది. నాకే అడుగు ముందుకు పడటం లేదు. మా అమ్మకి 83, నర్సీపట్నంలో తమ్ముడి దగ్గరుంటుంది, నెలకి రెండుసార్లు వెళ్ళి చూసొస్తాను. పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్ళు ఆపే వేళకి వెళ్ళి పాత షిఫ్టు వాళ్ళం నలుగురం నడుస్తాం, వచ్చేటప్పుడు రైతుబజారులో కూరలు తెచ్చుకుంటాను. ఇవన్నీ వదిలేసి ఒక ఇంట్లో కూర్చుంటే ఏమైపోతానో అని టెన్షన్‌గా ఉంది.

రెండుసార్లు విజిటింగ్ వీసా మీద వెళ్ళి మూడేసి నెలలు ఉన్నాం. చుట్టపుచూపు కాబట్టి హాయిగా గడిచింది. నాకు బీపీ, షుగర్, ఆవిడకి థైరాయిడ్, మోకాళ్ళ నొప్పులు. ఇక్కడ మందులతో సహా ఇద్దరికీ నెలకి 40 వేలలో గడిచిపోతుంది. అక్కడ ఏ వీసా తీసుకోవాలి, ఎంతవుతుంది, ఇక్కడి డిపాజిట్లు ఏం చెయ్యాలి, ముఖ్యంగా ఇల్లు అమ్ముకుని వెళ్ళినవాళ్ళు తర్వాత ఏమనుకున్నారు? మొహమాటం లేకుండా చెప్పండి.

టార్నీట్_నుంచి:

అంకుల్, నేను అక్కయ్యపాలెం అమ్మాయిని. పదకొండేళ్ళుగా మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్‌లో ఉంటున్నాం, మా అమ్మానాన్నల వీసా పనంతా నేనే చూశాను.

ముందు ఒక మాట. వచ్చేయండి అని మీ అబ్బాయి అన్నంత మాత్రాన వచ్చి స్థిరపడిపోవడం కుదరదు. శాశ్వతంగా ఉండటానికి తల్లిదండ్రులు ఎక్కువగా వేసేది 143 నంబరు కంట్రిబ్యూటరీ పేరెంట్ వీసా. పిల్లల్లో కనీసం సగం మంది ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండాలి, మీకు ఇద్దరిలో ఒకరున్నారు కాబట్టి ఆ నిబంధనతో ఇబ్బంది లేదు. డబ్బు దగ్గరే గుండె ఆగుతుంది. దరఖాస్తుతో కట్టే ఫీజు కాక, వీసా ఇచ్చేముందు ఒక్కొక్కరికి 43,600 ఆస్ట్రేలియా డాలర్లు, ఇద్దరికీ 87,200, మన డబ్బుల్లో రేటును బట్టి 50 లక్షలు అటూ ఇటూ. మీ ఖర్చు ప్రభుత్వం మీద పడదని పదేళ్ళ పూచీ కూడా ఇవ్వాలి, దానికి వేరే బ్యాంకు డిపాజిట్. ఇంతా కట్టడానికి సిద్ధపడినా ఇవాళ వేసిన దరఖాస్తు తేలేసరికి 12 ఏళ్ళు దాటుతుంది. తక్కువ ఫీజు ఉన్న మామూలు పేరెంట్ వీసా, 103 నంబరుదానికైతే 30 ఏళ్ళ పైమాటే. అంటే మీరు ఇప్పుడు వేస్తే మీకు 73 దాటాక పిలుస్తారు, మెడికల్ పరీక్షలు అప్పుడు చేస్తారు.

అందుకే మేం 870 నంబరు వీసా తీసుకున్నాం. అది తాత్కాలిక వీసా, 3 ఏళ్ళకి గానీ 5 ఏళ్ళకి గానీ ఇస్తారు, మొత్తం మీద 10 ఏళ్ళకి మించి ఉండనివ్వరు. ముందు మీ అబ్బాయిని స్పాన్సర్‌గా ఆమోదించాలి, ఆ తర్వాత మీరు ఆస్ట్రేలియా బయట ఉండి వేసుకోవాలి. 5 ఏళ్ళకి ఒక్కొక్కరికీ పది వేల డాలర్ల పైనే ఫీజు. ఉద్యోగం చెయ్యకూడదు. అన్నిటికంటే ముఖ్యం, దీని మీద మెడికేర్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సదుపాయం రాదు, మన దేశానికి ఆస్ట్రేలియాతో వైద్యం ఒప్పందం కూడా లేదు, కాబట్టి ప్రైవేటు ఇన్సూరెన్స్ తప్పదు. కొత్తగా తీసుకునే పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకి 12 నెలలు ఆగాలి. ఆ మొదటి ఏడాదే మాకు ప్రాణం మీదికొచ్చినట్టుండేది, నాన్నకి కొంచెం ఆయాసం వచ్చినా భయమే. పంటి పని అయితే మెడికేర్ ఉన్న పెద్దవాళ్ళకి కూడా కవర్ కాదు, పళ్ళు, కళ్ళద్దాలు వైజాగ్‌లోనే చూపించుకుని బయల్దేరండి. మందులు చీటీతో సహా మూడు నెలలకి సరిపడా తెచ్చుకోవచ్చు.

ఖర్చంటే, మాతోనే ఉంటారు కాబట్టి అద్దె లేదు, తిండికి పెద్ద తేడా పడదు. విడిగా ఇల్లు తీసుకుని ఉండాలంటే మాత్రం మీ పింఛనుతో అయ్యే పని కాదు.

మా నాన్న మొదటి ఏడాది చాలా ఇబ్బంది పడ్డారు. కారు నడపరు, వీధిలో మనిషి కనపడడు, మేమంతా పనికి పోతే ఇంట్లో గడియారం చప్పుడు వినిపించేది. కానీ మా బాబు ఇప్పుడు తాతతో తెలుగులో పోట్లాడతాడు, అది నేను ఎంత డబ్బు పెట్టినా తేలేనిది. ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా చలి, సాయంత్రం అయిదింటికే చీకటి పడుతుంది, ఆ మూడు నెలలూ వాళ్ళు వైజాగ్ వెళ్ళిపోతారు. అక్కడ మా ఇల్లు అలాగే ఉంచాం. అది ఉండబట్టే నాన్న ఇక్కడ ఉండగలుగుతున్నారని నేను గట్టిగా నమ్ముతాను అంకుల్.

ఎంవీపీ_కాలనీ_వాసి:

సార్, నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. వీసా సంగతి అమ్మాయి చెప్పింది కాబట్టి డబ్బు సంగతి నేను చెప్తాను, ఇక్కడే చాలామంది తెలియక నష్టపోతారు.

కొన్ని నెలలు చూడటానికి వెళ్ళొస్తే మీ ఖాతాలకి ఏమీ చెయ్యక్కర్లేదు. స్థిరపడే ఉద్దేశంతో వెళ్తే మాత్రం ఫెమా (విదేశీ మారకద్రవ్య) చట్టం ప్రకారం మీరు నాన్ రెసిడెంట్, సేవింగ్స్ ఖాతాలు ఎన్‌ఆర్‌ఓగా, అంటే నాన్ రెసిడెంట్ల రూపాయి ఖాతాలుగా మార్పించుకోవాలి. ఆదాయపు పన్ను లెక్క వేరు, అక్కడ మీరు ఏడాదిలో ఎన్ని రోజులు ఇక్కడున్నారో చూస్తారు. ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్ల వడ్డీ మీద సెస్సుతో కలిపి 31.2 శాతం టీడీఎస్ (చేతికిచ్చే ముందే కోసే పన్ను) పట్టేస్తారు, అది పట్టొద్దని ఇచ్చే 15హెచ్ లాంటి ఫారం పనికిరాదు, సీనియర్ సిటిజన్లకి వడ్డీ మీద ఉండే 50 వేల మినహాయింపు కూడా రెసిడెంట్లకే. ఆస్ట్రేలియాతో ఉన్న పన్ను ఒప్పందం చూపిస్తే 15 శాతానికి తగ్గుతుంది, దానికి అక్కడి పన్ను నివాస పత్రం తేవాలి. ఎక్కువ పట్టింది రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, నెలనెలా వడ్డీ మీద బతికేవాడికి ఆ డబ్బు ఏడాది పాటు ఇరుక్కుపోవడం చిన్న విషయం కాదు. సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 2025లో 8.2 శాతం వడ్డీ ఉండేది, ఎన్‌ఆర్‌ఐలు అది కొత్తగా తెరవలేరు. పీపీఎఫ్ ఉంటే గడువు దాకా నడుస్తుంది, పొడిగించడం కుదరదు.

ఇంటి సంగతి జాగ్రత్తగా చదవండి. మీది 2003 నాటిది. 2024 జులై 23కి ముందు కొన్న స్థిరాస్తి అమ్మితే, రెసిడెంటుకి లాభం మీద ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ఖరీదు పెంచి లెక్కకట్టడం) లేకుండా 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో 20 శాతమా అని ఏది తక్కువైతే అది ఎంచుకునే వీలుంది. నాన్ రెసిడెంటుకి ఆ వీలు లేదు, 12.5 శాతమే. పైగా నాన్ రెసిడెంటు అమ్మితే కొనేవాడు రెసిడెంటుకి కోసినట్టు 1 శాతం కాదు, పెద్ద మొత్తమే టీడీఎస్ కోయాలి, తక్కువ కోయమని ముందే సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే. కాబట్టి ఎప్పటికైనా అమ్మాలని గట్టిగా ఉంటే ఇక్కడ రెసిడెంటుగా ఉన్నప్పుడే అమ్మాలి. కానీ నా అభిప్రాయం అడిగితే అమ్మొద్దు. పై వాటా అద్దె మీకు రూపాయల్లో వస్తోంది, అది ఏటా కొంచెం పెరుగుతుంది. మీ అమ్మగారు నర్సీపట్నంలో ఉండగా మీకు ఇక్కడ ఒక గడప ఉండాలి.

ఇంకొకటి. ఇక్కడి హెల్త్ పాలసీ ఎట్టి పరిస్థితిలోనూ మానెయ్యొద్దు, మీరు అక్కడున్నా ప్రీమియం కట్టండి. ఒకసారి వదిలేస్తే తిరిగొచ్చాక కొత్త పాలసీలో బీపీ, షుగర్లకి మూడేళ్ళ దాకా ఆగాల్సి రావచ్చు, 68 ఏళ్ళప్పుడు ఆ మూడేళ్ళు ఎంత ప్రమాదమో మీకు చెప్పక్కర్లేదు. ఈపీఎఫ్ పింఛను వస్తుంటే లైఫ్ సర్టిఫికెట్ ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది, బయల్దేరే ముందు ఇచ్చేసి వెళ్ళండి.

లాసన్స్‌బే_పాతవాళ్ళం:

అన్నయ్యగారూ, మీ చివరి ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నేనే అనిపించింది. మేం అమ్ముకుని వెళ్ళినవాళ్ళం.

మా అబ్బాయి అమెరికాలో సిటిజన్ అయ్యాక మాకు గ్రీన్ కార్డు వేశాడు. లాసన్స్ బే కాలనీలో ఫ్లాట్ ఉండేది, బాల్కనీలోంచి సముద్రం కనపడేది. ఇంకెవరుంటారు ఇక్కడ అని 2018లో అమ్మేసి న్యూజెర్సీ వెళ్ళాం. నా కొడుకూ కోడలూ చాలా మంచివాళ్ళు, వాళ్ళ మీద ఒక్క మాట పడనివ్వను. కానీ ఇద్దరూ రాత్రి ఏడింటికి ఇంటికొచ్చేవాళ్ళు. పొద్దున్నుంచి వంటా, పిల్లల్ని బస్సెక్కించడం, దింపుకోవడం, బట్టలు మడతపెట్టడం అన్నీ నావే. ఎవరూ చెయ్యమనలేదు, చూస్తూ కూర్చోలేక చేశాను. మూడు నెలలైతే ముద్దుగా ఉంటుంది, మూడేళ్ళయ్యేసరికి నా నడుం పడిపోయింది. మోకాళ్ళ నొప్పులున్న వదినగారిని ఈ విషయం విడిగా కూర్చోబెట్టి అడగండి, మనవల్ని చూడాలని ఉందా అని కాదు, రోజంతా పెంచగలవా అని.

వైద్యం సంగతి. అక్కడ ఉద్యోగం చెయ్యనివాళ్ళు 65 దాటి, గ్రీన్ కార్డు మీద వరసగా అయిదేళ్ళు ఉంటేనే డబ్బు కట్టి మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కొనుక్కోవచ్చు. 2025 లెక్కన ఆసుపత్రి భాగానికి నెలకి 518 డాలర్లు, డాక్టర్ల భాగానికి 185, ఒక్కొక్కరికి. మాకు అయిదేళ్ళు నిండలేదు, బయట పాలసీ కొన్నాం. మంచులో జారిపడి మావారి మణికట్టు విరిగింది. పాలసీ ఉన్నా మా చేతిలోంచి కట్టింది చూసి ఆయన ఆ తర్వాత ఒంట్లో బాగోకపోయినా చెప్పడం మానేశారు. కొడుక్కి ఖర్చు పెడుతున్నానని లోలోపల కుమిలిపోయేవారు. ఇక్కడ ఉన్న మ్యూచువల్ ఫండ్స్ మీద కూడా అక్కడి పన్ను చాలా ఘోరంగా పడుతుందని ఆడిటర్ చెప్పేదాకా మాకు తెలియదు.

ఒకరోజు ఆయన ఇంటికెళ్ళిపోదామే అన్నారు. ఏ ఇంటికండీ అన్నాను నేను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

2022లో వచ్చేశాం. అమ్మిన డబ్బుకి అదే కాలనీలో మళ్ళీ కొనలేకపోయాం, ఇప్పుడు మధురవాడలో అద్దెకుంటున్నాం. సొంత ఇల్లు ఉండి ఉంటే ఏడాదికి ఆరు నెలలు అక్కడా ఆరు నెలలు ఇక్కడా హాయిగా తిరిగేవాళ్ళం అని ఆయన ఇప్పటికీ అంటారు. నిజానికి అక్కడ సంతోషంగా ఉన్న పెద్దవాళ్ళనీ చూశాను, వాళ్ళందరూ పిల్లలకి దగ్గర్లో విడిగా ఉన్నవాళ్ళే, భర్త కారు నడుపుతారు, భార్య గుడిలో నలుగురితో కలుస్తుంది.

గాజువాక_నుంచి:

మాకు పిల్లలు లేరు, తక్కువ ఖర్చులో బాగుంటుందని థాయ్‌లాండ్ గురించి చాలా వెతికాం. 50 ఏళ్ళు దాటినవాళ్ళకి రిటైర్మెంట్ వీసా ఇస్తారు. అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్‌లు ఉంచాలి, లేదా నెలకి 65 వేల బాత్‌ల ఆదాయం చూపించాలి, ప్రతి 90 రోజులకీ ఇమిగ్రేషన్‌కి అడ్రసు తెలియజేయాలి. డబ్బు సర్దుకోగలం. కానీ ఒకరం పోతే రెండోవాళ్ళు భాష రాని ఊళ్ళో ఎలా ఉంటారు అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాం.

సీతమ్మధార_61:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. లాసన్స్ బే అమ్మగారు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. విని, నాకు రోజంతా చెయ్యడం కష్టమేనండీ, వాడితో మీరే చెప్పండి అంది. ఇన్నాళ్ళూ ఆవిడ మనసు నాకు తెలుసనుకుని అడగనేలేదు నేను.

నిన్న రాత్రి అబ్బాయితో గంట మాట్లాడాను. 143కి పన్నెండేళ్ళని వాడికి కూడా తెలియదట, ఏజెంటు చెప్పలేదట. ఇల్లు అమ్మడం లేదని చెప్పేశాను, వాడు కాసేపు ఏమీ అనలేదు, తర్వాత సరే నాన్నా అన్నాడు. అమ్మ ఉన్నన్నాళ్ళూ విజిటింగ్ వీసా మీదే నాలుగైదు నెలలు వెళ్ళొద్దామనుకుంటున్నాం. 870 సంగతి ఆ తర్వాత. రాత్రిపూట ఏమన్నా అయితే అన్న వాడి భయం అలాగే ఉంది కదా, అందుకని పై వాటా వాళ్ళకి తాళంచెవి ఒకటి ఇచ్చి, మా ఇద్దరి రిపోర్టులూ మందుల చీటీలూ ఒక ఫైల్లో పెట్టి అమ్మాయికీ వాడికీ పంపిస్తున్నాను.

ఒక్క సందేహం. నాలుగైదు నెలలు కింద వాటా మూసి ఉంటే ఈ ఉప్పుగాలికి గ్రిల్సు, మోటారు ఏమవుతాయి? ఎవరైనా అలా వదిలి వెళ్ళారా?

ఎంవీపీ_కాలనీ_వాసి:

వెళ్ళాం సార్, రెండుసార్లు. గ్రిల్సుకి ముందే రెడ్ ఆక్సైడ్ కొట్టించి పెయింటు వేయించండి, ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు కొంచెం తెరిచి ఉంచండి. పై వాటా వాళ్ళని వారానికోసారి కింద కిటికీలు తెరిచి, మోటారు పది నిమిషాలు వెయ్యమనండి, దానికి అద్దెలో వెయ్యి రూపాయలు తగ్గించండి, శ్రద్ధగా చూస్తారు. గ్యాస్ మాత్రం మర్చిపోకుండా రెగ్యులేటరు తీసేసి వెళ్ళండి.