401కె ఫారం మీద బెజవాడ నోటరీ చెల్లదంటున్నారు, ఏం చేయాలి?

బెజవాడరిటర్న్:
అందరికీ నమస్తే. అమెరికాలో హెచ్1బి మీద పనిచేసి ఫ్యామిలీతో సహా వచ్చేశాను, ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాం. పాత కంపెనీ 401కె (ఉద్యోగంలో రిటైర్మెంటుకి దాచుకునే ఖాతా) అక్కడే ఉండిపోయింది, దాన్ని ఐఆర్ఏలోకి (సొంత పేరు మీద ఉండే రిటైర్మెంటు ఖాతా) మార్చుకుందామని ఫారం తెప్పిస్తే అందులో ఒక పేజీ, భార్య నోటరీ ముందు సంతకం పెట్టి ఒప్పుకోవాలంట. సరే అని కోర్టు దగ్గర నోటరీ లాయర్ గారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం, ఆయన సీలు, నోటరీ స్టాంపు, రిజిస్టర్ నంబరు అన్నీ పద్ధతిగానే వేసిచ్చారు. పంపిస్తే 'నాట్ ఇన్ గుడ్ ఆర్డర్', అంటే పేపర్లు సరిగ్గా లేవని ఒక్క ముక్క మెయిలొచ్చింది. ఫోన్ చేస్తే ఒకావిడ అపోస్టిల్ కావాలంది, మళ్ళీ చేస్తే ఇంకొకాయన మెడాలియన్ అన్నాడు. ఈ మూడూ ఒకటేనా వేరువేరా? మా ఆవిడ హెచ్4 మీదే ఉండేది, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేదు, ఐటిన్ (ట్యాక్సు కోసం ఇచ్చే నంబరు) మాత్రం ఉంది. చేయించుకున్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

పులిహోర99:
అపోస్టిల్ చేయించెయ్ బ్రో, ఏజెంట్లు బోల్డుమంది ఉన్నారు, డబ్బులు పడేస్తే వాళ్ళే చూసుకుంటారు.

సీళ్ళపురాణం:
ఆగండి ఆగండి, ఏజెంటుకి డబ్బులు కట్టకండి ముందే. మూడూ వేరువేరు. నోటరీ అంటే ఈ సంతకం పెట్టింది ఫలానా మనిషే అని సాక్ష్యం. అపోస్టిల్ అంటే ఆ నోటరీ నిజమైన నోటరీయే అని మన ప్రభుత్వం చెప్పే సాక్ష్యం, అంతకుమించి ఏం లేదు, మీ ఫారంలో ఏముందో వాళ్ళు చూడరు కూడా. ఇండియా ఈ అపోస్టిల్ హేగ్ ఒప్పందంలోకి 2005లో వచ్చింది, అమెరికా అంతకు చాలా ముందే ఉంది, కాబట్టి మన అపోస్టిల్ అక్కడ చెల్లుతుంది. కానీ దారి పొడుగు, ముందు లోకల్ నోటరీ, తర్వాత రాష్ట్ర ప్రభుత్వం అటెస్టేషన్, ఆ తర్వాత విదేశాంగ శాఖ స్టిక్కర్. ఆ స్టిక్కర్ సర్కారు ఫీజు 50 రూపాయలే, మిగతాదంతా మధ్యలోవాళ్ళ సర్వీస్ ఛార్జీ.

మెడాలియన్ పూర్తిగా వేరే కథ. అది బ్యాంకు ఇచ్చే గ్యారంటీ, సంతకం దొంగదని తేలితే నష్టం ఆ బ్యాంకు భరించాలి. స్టాంపు మీద మొదటి అక్షరం చూస్తే ఎంతవరకు పూచీ ఉందో తెలుస్తుంది, జెడ్ అంటే కోటి డాలర్ల వరకు. అందుకే ముక్కూమొహం తెలియని వాళ్ళకి ఎవరూ వెయ్యరు. మన స్టేట్ బ్యాంకు బ్రాంచికెళ్ళి అడిగితే మేనేజర్ మీ వంక వింతగా చూస్తాడు. అమెరికన్ కాన్సులేట్‌లో కూడా ఇవ్వరు. ఇది ఎక్కువగా షేర్లు ఒకరి పేరు మీంచి ఇంకొకరి పేరుకి మార్చేటప్పుడు అడుగుతారు. భార్య ఒప్పుకోలు పేజీకి చట్టం అడిగేది నోటరీ లేకపోతే ప్లాన్ ప్రతినిధి సాక్ష్యం, అంతే. ఆ ఫోన్ ఆయన ఏ ఫారం చూసి చెప్పాడో మరి!

మీ పేపర్ ఎందుకు తిరిగొచ్చిందో నేను ఊహించగలను. అమెరికా ఫారంలో నోటరీ గళ్ళు ఉంటాయి కదా, స్టేట్, కౌంటీ (మన జిల్లా లాంటిది), కమిషన్ (నోటరీ నియామకం) గడువు తేదీ అని. మనవాళ్ళు వాటిని ముట్టుకోకుండా పక్కన ఖాళీ చూసుకుని అటెస్టెడ్ అని సీలు గుద్దుతారు. అక్కడ కూర్చున్న క్లర్కుకి గడి ఖాళీగా కనిపిస్తే చాలు, పక్కన పడేస్తాడు.

బెజవాడరిటర్న్:
అవునండీ!! ఇప్పుడే తీసి చూశా, కౌంటీ గడి, తేదీ గడి రెండూ ఖాళీనే. మరి ఇప్పుడు అవి నింపించి మళ్ళీ పంపితే ఒప్పుకుంటారా?

సీళ్ళపురాణం:
ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, అది ఆ కంపెనీ ఇష్టం. ఫోన్ మాటలు నమ్మొద్దు, వాళ్ళ సైట్‌లో లాగిన్ అయ్యి మెసేజ్ పెట్టండి, 'విదేశీ నోటరీ తీసుకుంటారా, అపోస్టిల్ ఉంటే తీసుకుంటారా, కాన్సులేట్ నోటరీ అయితే ఓకేనా' అని మూడు ముక్కలు అడిగి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. ఇంకోటి, అసలు ఆ పేజీ మీకు వర్తిస్తుందో లేదో కూడా అడగండి. భార్యే నామినీగా ఉన్న చాలా 401కె ప్లాన్‌లలో రోలోవర్‌కి (ఇలా ఐఆర్ఏలోకి మార్చడానికి) భార్య సంతకమే అక్కర్లేదు, యాన్యుటీ తరహా చెల్లింపు (పెన్షన్ లాగా విడతలుగా ఇచ్చేది) ఉన్న ప్లాన్‌లకే అది తప్పనిసరి. వేరేవాళ్ళని నామినీగా పెడితే మాత్రం ఏ ప్లాన్ అయినా ఒప్పుకోలు కావాల్సిందే. ఒకే ఫారం అందరికీ పంపేస్తుంటారు.

నానక్‌రామ్‌గూడ నైబర్:
కావాల్సిందే అంటే మాత్రం హైదరాబాద్ కాన్సులేట్ బెస్ట్ అండి. 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో ఉంది, పాత బేగంపేట అడ్రసుకి వెళ్ళకండి. నోటరీకి అమెరికా సిటిజెన్ అయి ఉండాలని లేదు, ఎవరైనా వెళ్ళొచ్చు. ఆన్‌లైన్‌లో నోటరీ అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, వీసా స్లాట్లకీ దీనికీ సంబంధం లేదు. సీలుకి 50 డాలర్లు. అక్కడ చేయిస్తే అమెరికాలో నోటరీ చేసినట్టే లెక్క, అపోస్టిల్ గొడవ ఉండదు. ఒరిజినల్ పాస్‌పోర్ట్ తీసుకెళ్ళండి, ఫారం అంతా నింపండి కానీ సంతకం మాత్రం ఇంట్లో పెట్టొద్దు, ఆఫీసర్ ముందే పెట్టాలి. సాక్షులు కావాలంటే మీరే తెచ్చుకోవాలి, వాళ్ళు ఇవ్వరు. పాస్‌పోర్ట్‌లో పేరు, ఫారంలో పేరు ఒకేలా ఉండాలి, మనవాళ్ళకి ఇంటిపేరుతో వచ్చే తలనొప్పి తెలిసిందేగా.

ఫ్రీమాంట్ పెదనాన్న:
ఇంత దూరం ఎందుకు బాబూ, ఆన్‌లైన్ నోటరీ చేయించుకోండి. వీడియో కాల్‌లో అయిపోతుంది, వర్జీనియాలో 2012 నుంచే ఉంది. ఇక్కడ కాలిఫోర్నియాలో మామూలు నోటరీ సంతకానికి 15 డాలర్లు మించకూడదని రూలు, అక్కడ 50 అంటే ఎక్కువే.

సీళ్ళపురాణం:
పెదనాన్న గారూ, ఆవిడకి ఎస్ఎస్ఎన్ లేదన్నారు కదా. చాలా ఆన్‌లైన్ నోటరీ సైట్లు ఎస్ఎస్ఎన్ పెట్టి పాత అడ్రసులు, లోన్ల మీద ప్రశ్నలు వేసి మనిషిని నిర్ధారిస్తాయి, ఆవిడ పేరు మీద క్రెడిట్ చరిత్రే లేకపోతే అక్కడే ఆగిపోతుంది. పాస్‌పోర్ట్ స్కాన్‌తో చేసేవి ఉన్నాయి, అయితే ప్లాన్ వాళ్ళు ఆన్‌లైన్ నోటరీ తీసుకుంటారో లేదో అదీ అడగాలి. తీసుకుంటే మాత్రం ఇంట్లో కూర్చుని పనైపోతుంది, ఒప్పుకుంటా.

గోంగూరగన్:
ఇదే చోట అడుగుతున్నా ఏమనుకోకండి, డబ్ల్యూ-8బెన్ కి (అమెరికా పన్ను కోసం మనం విదేశీయులమని చెప్పే ఫారం) కూడా నోటరీ కావాలా? మా బ్రోకర్ పంపమన్నాడు.

సీళ్ళపురాణం:
అక్కర్లేదు, మీ సంతకం చాలు. సంతకం పెట్టిన ఏడాది తర్వాత మూడో ఏడాది చివరిదాకా పనిచేస్తుంది, తర్వాత కొత్తది ఇవ్వాలి. ఐటిన్ కోసం పాస్‌పోర్ట్ కాపీ పంపేవాళ్ళు మాత్రం జాగ్రత్త, నోటరీ కాపీ ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) తీసుకోదు, ఒరిజినల్ గానీ పాస్‌పోర్ట్ ఇచ్చిన ఆఫీసే సర్టిఫై చేసిన కాపీ గానీ కావాలి.

బెజవాడరిటర్న్:
అందరికీ చాలా థాంక్స్ అండి. మెసేజ్ పెట్టాను, జవాబొచ్చింది. మా ప్లాన్‌లో యాన్యుటీ ఆప్షన్ ఉందట, అందుకని భార్య పేజీ తప్పదన్నారు, మెడాలియన్ అక్కర్లేదు, కాన్సులేట్ నోటరీ ఓకే, ఆన్‌లైన్‌ది తీసుకోరు. స్లాట్ చూస్తున్నా. ఒక్క డౌట్, ఫారంలో నా సంతకం వేరే పేజీలో ఉంది, ఆవిడది వేరే పేజీలో ఉంది, రెండు సీళ్ళకి 100 డాలర్లు కట్టాలా?

నానక్‌రామ్‌గూడ నైబర్:
మీ సంతకం కింద నోటరీ గడి ఉందా చూడండి. లేకపోతే మీరు మామూలుగా సంతకం పెట్టేసుకోవచ్చు, ఆవిడ పేజీకే సీలు, 50తో సరి. కొరియర్‌లో పంపేముందు కలర్ స్కాన్ తీసి పెట్టుకోండి, కొన్ని కంపెనీలు ఇంకు సంతకం ఉన్న ఒరిజినలే కావాలంటాయి.